నొప్పి వచ్చేదాకా ఆగవద్దు: పళ్ళు, చిగుళ్ళ సంరక్షణ

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టర్లు మైకు ముందుకు వచ్చారంటే లెక్కల పుస్తకాలు, వాటా ధనం, వెన్న శాతం, బోనసు గురించి మాట్లాడతారని మీరు అనుకోవడం సహజం. ఈ రోజు పళ్ళ గురించి మాట్లాడతామని చెప్పగానే ముందు వరుసలో కొందరు నవ్వారు. నవ్వండి, ఫరవాలేదు. నవ్వడానికైనా పళ్ళు కావాలి కదా!

మేము వైద్యులం కాము. రోగం నిర్ణయించడం, మందు చెప్పడం మా పని కాదు. అయితే తనిఖీల కోసం ఊరూరా తిరిగే మాకు ఒక సంగతి తరచు కనిపిస్తుంది. గేదె ఒక పూట మేత మానేస్తే సాయంత్రానికల్లా పశువైద్యునికి కబురు పెట్టే సభ్యుడు, తన దవడ పన్ను 6 నెలలుగా సలుపుతున్నా లవంగం పెట్టుకుని కాలం గడుపుతాడు. ఇక భరించలేనప్పుడు డాక్టరు దగ్గరికి వెళతాడు. అప్పటికి ఆ పన్ను పీకడం తప్ప వేరే దారి ఉండదు. 40 ఏళ్ళు దాటేసరికి నమిలే పళ్ళు పోయి, జొన్నరొట్టె పాలలో నానబెట్టుకుని తినేవారు మన సంఘాలలో ఎందరున్నారో మీకే తెలుసు.

అందువల్ల మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. పంటి జబ్బు నొప్పితో మొదలు కాదు. నొప్పి పుట్టేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది. నొప్పి లేనప్పుడు చూపించుకున్నవారికి పన్నూ నిలుస్తుంది, డబ్బూ మిగులుతుంది.

కానులో జరిగేదే నోటిలోనూ

పాల కాను సరిగా కడగకపోతే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. మూత అంచున, అడుగున మిగిలిన పాల తడిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయి. మరునాడు ఆ కానులో పోసిన మంచి పాలు కూడా పులిసి, వేడి చేయగానే విరిగిపోతాయి.

నోటిలో జరిగేది కూడా ఇదే. పళ్ళ మీద, పళ్ళ సందులలో మెత్తగా జిగురుగా పట్టే పొరను పాచి అంటాం. అది కేవలం అన్నం మెతుకుల మురికి కాదు. అందులో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న బెల్లం, చక్కెర, బిస్కట్లు వాటికి ఆహారం. అవి తయారు చేసే ఆమ్లం పంటిపైనున్న పింగాణీ పొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఈ పింగాణీ పొరే. ఎముక విరిగితే అతుక్కుంటుంది కాని, ఈ పొరలో గుంట పడితే తిరిగి పూడదు.

దీనికి విరుగుడు కూడా ప్రకృతి మన నోటిలోనే పెట్టింది. లాలాజలం ఆమ్లాన్ని పలుచన చేసి, కరిగిన ఖనిజాలను కొంతవరకు తిరిగి పంటికి చేరుస్తుంది. ఈ మరమ్మతుకు సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి తీపి ఎంత తిన్నాం అనేదానికంటే ఎన్నిసార్లు తిన్నాం అనేది ముఖ్యం. భోజనంతో పాటు ఒక లడ్డు తింటే జరిగే నష్టం కంటే, రోజంతా గంటకొకసారి చక్కెర టీ తాగితే జరిగే నష్టం ఎక్కువ. పంటికి కోలుకునే వ్యవధి దొరకదు. రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అందుకే పొద్దున తోముకోవడంతో పాటు రాత్రి పడుకోబోయే ముందు తోముకోవడం అవసరం. సాయంత్రం పాల కాను కడగకుండా పొద్దునే కడుగుతామంటే కార్యదర్శి గారు ఒప్పుకుంటారా?

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. పిప్పి పన్నులో పురుగు ఉంటుందని, వాకుడు కాయల పొగ పెడితే రాలుతుందని ఊళ్ళలో అంటారు. పంటిలో కంటికి కనిపించే పురుగు ఏదీ ఉండదు. పసరు పోసి, పొగ పెట్టి, పురుగులు రాల్చి చూపేవారు చూపించేది మీ పంటిలోనిది కాదు. ఆ పొగ వల్ల నోరు కాలే ప్రమాదం ఉంది, పన్ను మాత్రం బాగుపడదు.

పిప్పి పన్ను నాలుగు దశలు

పొదుగువాపు జబ్బు సంగతి చూడండి. మొదటి ధారలలో చిన్న గడ్డలు కనిపించినప్పుడే చూపిస్తే తక్కువ ఖర్చుతో పోతుంది. పొదుగు రాయిలా గట్టిపడ్డాక చూపిస్తే ఆ రొమ్ము పోయినట్లే. పంటి విషయం కూడా అంతే.

మొదటి దశలో పంటి మీద సున్నం చుక్కలాంటి తెల్లని మచ్చ కనిపిస్తుంది. గుంట ఉండదు, నొప్పి ఉండదు. శుభ్రంగా తోముకోవడం, ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడడం, తీపి తగ్గించడం వల్ల ఈ దశలో జబ్బు ఆగిపోవచ్చు. మందూ అక్కరలేదు, మిషనూ అక్కరలేదు.

రెండవ దశలో గుంట పడుతుంది. ఆహారం ఇరుక్కుంటుంది. చల్లనిది, తియ్యనిది తగిలితే జివ్వుమంటుంది. డాక్టరు పుచ్చిన భాగం తొలిచి, శుభ్రం చేసి, సిమెంటు వంటి పదార్థంతో గుంట నింపుతారు. చాలావరకు ఒక్కసారి వెళితే పని పూర్తవుతుంది.

మూడవ దశలో పుచ్చు పంటి మధ్యనున్న నరం దాకా పోతుంది. రాత్రిపూట పడుకోగానే సలపడం, చెవి దాకా పోటు రావడం ఈ దశ లక్షణాలు. ఇప్పుడు గుంట నింపితే చాలదు. రూట్ కెనాల్ చికిత్స చేయాలి. అంటే పంటి లోపలి చెడిపోయిన నరాన్ని తీసివేసి, వేళ్ళలోని సన్నని కాలువలను శుభ్రం చేసి, మందు పదార్థంతో మూసివేస్తారు. రెండు మూడుసార్లు తిరగవలసి రావచ్చు. నమిలే పన్నయితే అది విరగకుండా పైన తొడుగు కూడా వేయిస్తారు. ఖర్చు చాలా పెరుగుతుంది, కాని మన పన్ను మన నోటిలోనే ఉంటుంది.

నాలుగవ దశలో పంటి వేరు కింద చీము పడుతుంది. బుగ్గ వాస్తుంది. కొన్ని పళ్ళను ఈ దశలో కూడా నిలబెట్టవచ్చు. వీలు కాకపోతే పీకవలసిందే.

మూడవ దశకు, నాలుగవ దశకు మధ్య చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. వారం పది రోజులు సలిపిన పన్ను ఒకనాడు ఉన్నట్టుండి నొప్పి మానేస్తుంది. దేవుడి దయవల్ల తగ్గిందని ఊరుకుంటారు. నిజానికి నరం చచ్చిపోయింది కనుక నొప్పి తెలియలేదు. చీము లోలోపల పెరుగుతూనే ఉంటుంది.

మందుల షాపులో అడిగి రెండు పూటలకు యాంటీబయాటిక్ బిళ్ళలు కొనుక్కోవడం వల్ల కూడా ఇలాగే జరుగుతుంది. వాపు తగ్గినట్టుంటుంది, మూలం అలాగే ఉంటుంది. నొప్పి బిళ్ళను నూరి చిగురు మీద పెట్టేవారు కూడా ఉన్నారు. దానివల్ల చిగురు కాలి పుండు పడుతుంది. లవంగ నూనె కొద్దిసేపు తిమ్మిరి ఇచ్చి నొప్పిని ఆపగలదు. డాక్టరు దగ్గరికి చేరేదాకా అది పనికివస్తుంది, అంతకు మించి కాదు.

ఒక హెచ్చరిక. పంటి వాపుతో పాటు జ్వరం వచ్చి, దవడ కింద, గొంతు దగ్గర వాపు దిగి, మింగడం గాని ఊపిరి పీల్చుకోవడం గాని కష్టమైతే అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. తెల్లవారేదాకా ఆగకుండా పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చిగుళ్ళ జబ్బు

పళ్ళు పుచ్చకుండానే ఊడిపోయేవారు ఎందరో ఉన్నారు. దానికి కారణం చిగుళ్ళ జబ్బు. కానును సరిగా తోమకపోతే లోపల రాతి పొర పట్టి, తర్వాత చేత్తో గీకినా రాదు కదా. పాచి కూడా అలాగే కొన్నాళ్ళకు గట్టిపడి గార అవుతుంది. గార చిగురును ఒరుసుకుంటూ ఉంటే చిగురు ఎర్రబడి, తోముకునేటప్పుడు నెత్తురు వస్తుంది. చాలామంది నెత్తురు చూసి భయపడి ఆ వైపు తోమడం మానేస్తారు. దానివల్ల పాచి ఇంకా పెరుగుతుంది. నెత్తురు వచ్చే చోట మెత్తని బ్రష్షుతో ఇంకా జాగ్రత్తగా తోమాలి. 10 రోజులలో తగ్గకపోతే డాక్టరుకు చూపాలి.

అశ్రద్ధ చేస్తే చిగురు కిందనున్న ఎముక కరిగిపోతుంది. మట్టి కొట్టుకుపోయిన చెట్టు వేళ్ళలాగా పళ్ళు పొడవుగా కనిపించి, కదలడం మొదలవుతుంది. గట్టిపడిన గార బ్రష్షుకు రాదు. డాక్టరు మిషనుతో తీయాలి. దీనినే స్కేలింగ్ అంటారు. క్లీనింగు చేయిస్తే పళ్ళు వదులవుతాయని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. గార పోయాక అంతదాకా అది నిండిన సందులు ఖాళీగా తగులుతాయి, కొద్ది రోజులు జివ్వుమంటాయి. పళ్ళను వదులు చేసింది గార, దానిని తీసినవారు కాదు.

షుగరు జబ్బు ఉన్నవారు చిగుళ్ళను ప్రత్యేకంగా చూసుకోవాలి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు చెడతాయి. చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెంటికీ కలిపి చికిత్స చేయించుకోవాలి. గర్భిణీ స్త్రీలకు కూడా చిగుళ్ళు వాచి నెత్తురు రావడం మామూలు. కడుపుతో ఉన్నప్పుడు పంటి వైద్యం కూడదనుకోవడం పొరపాటు. డాక్టరుకు ముందుగా చెప్పాలి. అత్యవసరం కాని చికిత్సలకు 4వ నెల నుంచి 6వ నెల దాకా అనువైన కాలం.

దేనితో తోముకోవాలి, ఎలా తోముకోవాలి

కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు, వీటితో తోమితే పళ్ళు తెల్లబడినట్టు కనిపిస్తాయి. నిజానికి ఇసుకతో తోమిన సత్తు గిన్నె ఎలా అరుగుతుందో పింగాణీ పొర కూడా అలాగే అరిగిపోతుంది. వేపపుల్ల, కానుగపుల్ల పూర్వులు వాడినవే. చివర బాగా నమిలి మెత్తని కుంచె చేసుకుంటే ముందు పళ్ళ వరకు పని చేస్తాయి. కాని దవడ పళ్ళ వెనుక వైపుకు, లోపలి వైపుకు పుల్ల అందదు. పుచ్చు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. పుల్లలో ఫ్లోరైడు కూడా ఉండదు.

మెత్తని కుచ్చు ఉన్న బ్రష్షు, ఫ్లోరైడు ఉన్న సాధారణ పేస్టు చాలు. ఖరీదైన పేస్టు అవసరం లేదు. డబ్బా మీద సుమారు 1000 పి.పి.ఎం. ఫ్లోరైడు ఉన్నట్టు రాసి ఉన్నదా లేదా చూసుకోండి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, ఒక్కొక్కసారి 2 నిమిషాలు తోమాలి. బ్రష్షును చిగురు అంచున కొంచెం వాలుగా పెట్టి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. రంపం కోసినట్టు అడ్డంగా గట్టిగా రుద్దితే చిగురు దగ్గర పన్ను కోసుకుపోతుంది. పళ్ళ బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు మూడూ తోమాలి. నాలుక కూడా శుభ్రం చేసుకోవాలి. నురుగు ఉమ్మివేయండి. వెంటనే చెంబుడు నీళ్ళతో పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడు కూడా కొట్టుకుపోతుంది. కుచ్చు వంకరలు పోతే, లేదా 3 నెలలకొకసారి, బ్రష్షు మార్చాలి. ఒకరి బ్రష్షు మరొకరు వాడకూడదు. పిన్నీసుతో, అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకోకూడదు.

ఫ్లోరైడు అనగానే నల్లగొండ, ప్రకాశం ప్రాంతాలవారు ఉలిక్కిపడతారు. అందులో తప్పు లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి మొదట 1937లో ప్రకటించింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా ప్రాంతం నుంచే. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే చేటు. పళ్ళు దవడ లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్ళ లోపు, ఆ నీరు తాగిన పిల్లలకు గోధుమరంగు చారలు పడి, పళ్ళు గరుకుబారతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు కూడా వంగిపోతాయి. అటువంటి ఊళ్ళలో బోరు నీరు వదిలి, నది నీరు గాని శుద్ధి చేసిన నీరు గాని పిల్లలకు ఇవ్వడం ముఖ్యం. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా కృష్ణా, గోదావరి నీరు ఇళ్ళకు వస్తున్నది, దానినే తాగించండి. పేస్టులో ఫ్లోరైడు పంటికి పైన పూసేది, మింగేది కాదు. పెద్దలకు దానివల్ల భయం లేదు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో చిన్నపిల్లలకు ఏ పేస్టు వాడాలో డాక్టరును అడిగి వాడండి.

పిల్లల పళ్ళు, ఇంటి పాలు

పాలపళ్ళు 20. సుమారు 6వ నెల నుంచి మొదలై, 3 ఏళ్ళలోపు అన్నీ వస్తాయి. ఎలాగూ ఊడిపోయేవే కదా అని వాటిని వదిలేయకూడదు. పాలపళ్ళు కింద వచ్చే పళ్ళకు చోటు కాపాడతాయి. అవి ముందే పోతే తర్వాత పళ్ళు గజిబిజిగా వస్తాయి. మొదటి పన్ను కనిపించిన నాటి నుంచి తోమాలి. 3 ఏళ్ళ లోపు బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా పెద్దవాళ్ళు దగ్గర ఉండి చూడాలి.

ఇంకొక ముఖ్య విషయం. సుమారు 6వ ఏట, పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దానిని పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. అది పుచ్చితే మళ్ళీ రాదు. మీ ఇంట్లో 6 నుంచి 8 ఏళ్ళ పిల్లలుంటే ఈ రోజు ఇంటికి వెళ్ళగానే నోరు తెరిపించి, వెలుతురులో చూడండి.

పసిపిల్లలకు చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం మంచిది కాదు. రాత్రంతా ఆ తీపి పళ్ళ మీద నిలిచి, ముందు పళ్ళు 2 ఏళ్ళకే నల్లబడి విరిగిపోతాయి. పాలు తాగించాక తడి గుడ్డతో పళ్ళు తుడవండి.

ఇప్పుడు చెప్పేది మా నోట వినడం మీకు వింతగా ఉండవచ్చు. కేంద్రానికి వచ్చే పాలు పెరగాలని చెప్పేవాళ్ళం మేము. అయినా చెబుతున్నాం. ఉన్న పాలన్నీ కేంద్రంలో పోసి, ఇంట్లో పిల్లలకు నీళ్ళ టీ, బిస్కట్లు పెట్టవద్దు. చక్కెర కలపని పాలు, పెరుగు, మజ్జిగ పంటికి, ఎముకకు బలం. టీ, బిస్కట్లు పంటికి శత్రువులు. పాల డబ్బు చేతికి వచ్చి, పిల్లల పళ్ళు పోతే అది లాభం కిందికి రాదు. ప్రతి పూటా ఇంటికి కావలసిన పాలు ముందు తీసిపెట్టి, తర్వాతే కేంద్రానికి తీసుకురండి. ఏ సంఘమూ దీనిని తప్పు పట్టదు.

గేదె తన్ని పన్ను ఊడితే

పశువులతో పని చేసే మనకు కాలి తన్ను, కొమ్ము విసురు కొత్త కాదు. పిల్లలు సైకిలు మీద నుంచి పడడం కూడా మామూలే. ముందు పన్ను వేరుతో సహా ఊడి కింద పడితే చాలామంది దానిని పారేస్తారు. పారేయవద్దు. అది శాశ్వతమైన పన్ను అయితే తిరిగి అతికే అవకాశం ఉంది.

పన్నును పైభాగం పట్టుకుని తీయాలి, వేరును ముట్టుకోకూడదు. మట్టి అంటితే పాలతో గాని, శుభ్రమైన నీళ్ళతో గాని కొన్ని సెకన్లపాటు కడగాలి. వేరును రుద్దకూడదు, గీకకూడదు, సబ్బు పెట్టకూడదు. స్పృహలో ఉన్న పెద్దవారయితే ఆ పన్నును వెంటనే దాని చోటనే నిలిపి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోవచ్చు. అది చేతకాకపోతే చల్లని పాలలో వేసి, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. వేరు మీద ఉండే సజీవ కణాలను కొన్ని గంటలు కాపాడే గుణం పాలకు ఉంది. ఊరి నీళ్ళలో వేస్తే, గుడ్డలో చుట్టి ఎండబెడితే ఆ కణాలు చచ్చిపోతాయి. ప్యాకెట్టు పాలు మంచివి, లేకపోతే కాచి చల్లార్చిన పాలు. పులిసిన పాలు, పెరుగు పనికిరావు. అరగంటలో చేరితే మేలు, గంట దాటనివ్వవద్దు. ధనుర్వాతం సూది గురించి కూడా డాక్టరును అడగండి. పిల్లల పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు, గాయం చూపిస్తే చాలు.

పొగాకు, వక్క, అడ్డపొగ

ఇక నోటి క్యాన్సరు సంగతి. ఖైనీ, గుట్కా, జర్దా, పొగాకు కలిసిన పళ్ళపొడి, చుట్ట, బీడీ, వీటిలో మంచిది ఏదీ లేదు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సరుకు కారణం కాగలదని శాస్త్రజ్ఞులు తేల్చారు. వక్కపొడి, గుట్కా నమిలే కుర్రవాళ్ళకు బుగ్గల లోపల తెల్లబడి, బిగుసుకుపోయి, కారం తగిలితే మంట పుట్టి, నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. మీ మూడు వేళ్ళను నిలువుగా పెట్టి చూసుకోండి. అవి పళ్ళ మధ్య పట్టకపోతే వెంటనే చూపించుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలలో పెద్ద వయసు స్త్రీలు చుట్టను నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకుని తాగడం ఉంది. అదే అడ్డపొగ. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగిలి, అక్కడ తెల్లని, ఎర్రని మచ్చలు, పుళ్ళు, చివరకు క్యాన్సరు వస్తుంది. అంగిలి తనకు తాను చూసుకునే చోటు కాదు. ఇంట్లో అమ్మ, అత్త, నాయనమ్మ అడ్డపొగ తాగేవారయితే కొడుకో కోడలో టార్చిలైటు వేసి చూడాలి. నోటిలో ఏ పుండయినా 2 వారాలలో మానకపోతే, తెల్లని గాని ఎర్రని గాని మచ్చ గట్టిగా నిలిచిపోతే, నొప్పి లేకపోయినా సరే డాక్టరుకు చూపాలి. తొలిదశలో పట్టుకున్న నోటి క్యాన్సరు నయమయ్యే అవకాశం ఎక్కువ. నొప్పి వచ్చాక చూద్దామంటే పంటి విషయంలో పన్నే పోతుంది, ఇక్కడ మనిషే పోతాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయనేది మరొక అపోహ. పంటి నరానికి, చూపుకు సంబంధం లేదు. నోటికి మత్తు సూది ఇచ్చి పీకుతారు కనుక భయం అక్కరలేదు.

వైద్యం చేసేవారికి బి.డి.ఎస్. పట్టా, రిజిస్ట్రేషను ఉన్నాయో లేదో చూసుకోండి. సంతలో, బస్టాండు దగ్గర కూర్చుని, గంటలో ఫిక్సుడు పళ్ళు కడతామనేవారిని నమ్మవద్దు. వారు పోసే ప్లాస్టిక్కు కింద ఆహారం నిలిచి, పక్కనున్న మంచి పళ్ళు కూడా కదిలిపోతాయి. ఖర్చుకు వెనుకాడేవారికి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి.

షుగరు, బి.పి., గుండె జబ్బు, ఉబ్బసం ఉంటే, గర్భం ఉంటే, ఏ మందయినా పడకపోతే ముందే చెప్పండి. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకుపొండి. నెత్తురు పలుచబడే మందులు వాడుతున్నవారు వాటిని తమంతట తాము మానకూడదు, డాక్టరే నిర్ణయిస్తారు. షుగరు ఉన్నవారు ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు.

పన్ను పీకించుకున్నాక దూదిని అరగంట నుంచి ముప్పావు గంట దాకా గట్టిగా కొరికి పట్టుకోండి. ఆ రోజంతా మాటిమాటికి ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు, వేడి టీ తాగవద్దు. గుంటలో గడ్డకట్టిన నెత్తురే మానడానికి మూలం. చుట్ట, బీడీ తాగితే ఆ గడ్డ ఊడిపోయి, 3వ నాటికి భరించలేని పోటు వస్తుంది. మరునాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో నెమ్మదిగా పుక్కిలించవచ్చు. పీకిన చోటును ఏళ్ళ తరబడి ఖాళీగా వదిలితే పక్క పళ్ళు వాలిపోతాయి, ఎదుటి పన్ను కిందికి దిగుతుంది. కనుక కట్టుడు పన్ను గురించి ఆలోచించాలి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు ఉన్నవారు రాత్రి వాటిని తీసి, కడిగి, నీళ్ళలో వేసి పడుకోవాలి.

సంఘాలు చేయదగిన పని

ఇది ఒక్కొక్క ఇంటివారు చేసుకోవలసిన పనే అయినా, సంఘంగా కూడా కొంత చేయవచ్చు. సర్వసభ్య సమావేశం నాడు, లేదా బోనసు పంచే రోజున, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రినో దంత వైద్య కళాశాలనో అడిగి ఒక పంటి పరీక్ష శిబిరం ఏర్పాటు చేయండి. పరీక్షకు వచ్చేవారిలో ఆడవారు, పిల్లలు, పొగాకు అలవాటు ఉన్నవారు ముందు ఉండేలా చూడండి. దగ్గరి ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు ఏయే రోజులలో ఉంటారో పాల కేంద్రం గోడ మీద రాయించండి. పన్ను ఊడినప్పుడు పాలలో వేయాలన్న మాట టెస్టరు గారికి, బడి పంతులు గారికి తెలిసి ఉండాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించేవారు బడికి, అంగన్‌వాడికి వచ్చినప్పుడు పిల్లల పళ్ళు కూడా చూడమని అడగండి, అది వారి పనిలో భాగమే.

మీ మీ సంఘాల తీర్మానాల పుస్తకంలో ఈ శిబిరం తేదీ రాసి ఉంటే, వచ్చే తనిఖీలో మేము సంతోషంగా చూస్తాం. ఈలోగా మీరు చేయవలసింది చిన్న పని. ఈ రాత్రి భోజనం చేసి పడుకోబోయే ముందు ఇంటిల్లిపాదీ బ్రష్షు పట్టండి. పిల్లల నోరు ఒకసారి తెరిపించి చూడండి. 6 నెలలుగా వాయిదా వేస్తున్న పన్ను ఎవరికైనా ఉంటే, ఈ వారం పాల బిల్లు రాగానే మొదటి ఖర్చు దానికే పెట్టండి.

సందేహాలున్నవారు అడగండి. మాకు తెలిసింది చెబుతాం, వైద్యులు చెప్పవలసింది వైద్యులనే అడుగుదాం. సెలవు.